మగ్గులో పెట్టిన తెల్ల నారు

అప్పకి,

నీ చెల్లి పైడి పెట్టే దండాలు. నేను బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోకు. నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారనుకుంటాను. అమ్మమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? కోటబొమ్మాళి సంతకి ఇంకా నడిచే వెళ్తోందా?

ఫోన్‌లో చెప్తే "ఏటే ఒసే, తిన్నగా సెప్పు" అని కసురుతావు. అందుకే రాస్తున్నాను. తిన్నగా చెప్పేంత నాకే తెలీదు మరి.

ఈ హిమాచల్‌లో చలి ముదిరింది. రెండు స్వెట్టర్లు వేసుకుని కూడా వణుకుతున్నాను. మెస్‌లో ఎప్పుడూ రాజ్మానే. ఎండు నెత్తళ్ల వేపుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది. అయినా తింటున్నాను, బాగానే ఉన్నాను.

ల్యాబ్‌లో నాకిచ్చింది వరి మొక్కలే. చల్లటి పెట్టెలో పెంచితే కొన్ని సున్నం కొట్టినట్టు తెల్లగా మొలుస్తాయి. ఎందుకో కనుక్కోవడమే నా పని. ఆకుకి పచ్చదనం ఇచ్చే చిన్న రేణువుల పేరు క్లోరోప్లాస్టులు. వాటికి సొంత జన్యువులున్నాయి. జన్యువు నుంచి ముందు నకలు తయారవుతుంది. మధ్యలో పనికిరాని ముక్కలుంటే కోసేసి, మిగతాది అతకాలి. అప్పుడు దాన్ని చదివి ప్రోటీన్ చేస్తాయి. ఆ కోసే పనివాళ్లని మాత్రం బయటి నుంచి కణంలోని కేంద్రకం పంపాలి. నా తెల్ల మొక్కల్లో నకలు ఉంది, కోత పడలేదు. ఇంతవరకూ సరే. మరి నకలు రాసే యంత్రం ఎక్కడిది? దాన్నీ అక్కడి నకలు చదివే చేసుకోవాలట! ముందు నకలా, యంత్రమా? "మొదట్లో కేంద్రకం వేరే యంత్రాన్ని పంపుతుంది" అన్నారు మా ల్యాబ్ నడిపే మేడం. తలూపాను. గదికొచ్చి తల పట్టుకున్నాను. ఈ చదువు నా వల్ల కాదు, బావ చూసిన స్కూలు ఉద్యోగానికి వచ్చేద్దామనుకున్నాను.

ఆ దిగులులోనే పొరపాటు చేశాను. మేడం ఊరెళ్తూ ట్రేలో మొక్కల్ని పలచన చేయమన్నారు. మన నారుమడిలో చేసినట్టే పాలిపోయినవన్నీ పీకేశాను. కావలసినవి అవే అప్పా! పారేయబోతే నీ గొంతు వినబడింది. "వరి మొక్కని పారేత్తావేటే? మూల నీటిలో ఎట్టు, సందుల్లో నాటడానికి పనికొస్తాది." అందుకని గదికి తెచ్చి, మగ్గులో నీళ్లు పోసి కిటికీలో పెట్టి మరిచిపోయాను. గదిలో హీటరుంది.

మేడం తిరిగొచ్చి ట్రే చూసి కేకలేశారు. "ఇక్కడ ఉండాలో వద్దో ఆలోచించుకో" అన్నారు. గదికొచ్చి ఏడుస్తూ బట్టల పెట్టె సర్దబోతే మగ్గు కంటబడింది. ఆ తెల్ల మొక్కలకి కొత్త ఆకు పొడిచింది, పచ్చగా!

మగ్గు పట్టుకుని పరుగెత్తాను. మేడం ఆ ఆకుని వేలితో తిప్పి చూసి, "చలిలో పడని కోత వెచ్చగా ఉంటే పడుతోందా? లేక ఇంకేదైనా జరిగిందా?" అనడిగారు. తెలీదన్నాను. "నాకూ తెలీదు" అన్నారు. అంత చదువుకున్న మనిషి! కోపం పోయిందో లేదో కూడా తెలియలేదు. మళ్లీ విత్తమన్నారు, కొన్ని చలిలో, కొన్ని వెచ్చగా.

అమ్మమ్మ కాళ్లకి నా తరఫున మొక్కి దీవెన అడుగు. నెత్తళ్లు వాసన రాకుండా గట్టిగా కట్టి పంపు. చలికి నారు తెల్లబడితే మన వైపు ఏం చేస్తారో బావనడిగి చెప్పు. ఆ స్కూలు ఉద్యోగం ఇంకెవరికైనా ఇప్పించమను. నాకింకా ఏమీ అర్థం కాలేదు అప్పా. తెలుసుకోకుండా రాబుద్ధి కావడం లేదు.

నీ చెల్లి
పైడి