పెట్టె మూత మీద రాయని మాట

అన్నయ్యా, నేను కులాసా. నాన్నకు ఆయాసం తగ్గిందా?

ఆయన గుడికి ఇస్తానన్న కొండల బొమ్మను క్యోటోలో బాగుచేయించాను. దాన్ని దాచే పెట్టె మూత మీద "చైనా చిత్రం" అని రాయబోతుంటే, బొమ్మ వెనక కొత్త కాగితం అతికించిన కువబారాగారు ఆపారు.

"ఇంత చదివావు, పడవకేసి చూడలేదటమ్మా? కొండలు చైనావే. వెనక భాగం అంత బొద్దుగా ఉన్న ఆ పడవ మాత్రం మీ ఇనె రేవుదే!"

నిజమే. ఎవరో మన ఊరివాడు చైనా నమూనాలు చూసి కొండలు గీశాడు. పడవ మాత్రం తనకు తెలిసిందే గీశాడు.

వదినను కాసిన్ని ఎండుచేపలు పంపమను. పెద్దదాని పరీక్షలయ్యాయా?

నాన్న ఇన్నేళ్లూ అందరికీ అది చైనా బొమ్మ అనే చెప్పుకున్నారు. కాదనడానికి నాకు నోరు రావడం లేదు, గుడికి అబద్ధం రాసివ్వడానికి చెయ్యీ రావడం లేదు. నువ్వే మెల్లగా అడుగు: ఎన్నడూ చూడని కొండలను అంత భక్తితో గీసింది మనవాడే అంటే ఆయనకు చిన్నతనమా అని.

పిల్లలకు దీవెనలు.

చెల్లెలు చిజురు