మెట్లభూతం మూలం

జూన్ 3
బాసిలిస్క్ పూర్తయింది. పాత గ్రంథంలో అది పన్నెండు వేళ్ల పొడవున్న పాము. మా గేమ్‌లో ఏనుగంత. ఎవరు మేపారో గానీ బాగానే మేపారు. బలహీనత కాలమ్‌లో వీజిల్ అని రాశాను, మన ముంగిసలాంటి జంతువు. దానికీ పాత గ్రంథమే ఆధారం.

నా ఉద్యోగం ఇదే. ఆటలోని ప్రతి భూతమూ ఏ పుస్తకంలో పుట్టిందో తేల్చాలి. పాత పుస్తకమైతే కాపీ కొట్టారని ఎవరూ కేసు వెయ్యలేరు. ఏం చేస్తుంటావని అడిగినవాళ్లకు, దయ్యాలకు బర్త్ సర్టిఫికెట్లు ఇస్తుంటానని చెబుతాను.

జూన్ 5
ఘూల్, అరబ్బు కథల దయ్యం. శవాలు తినే అలవాటు పాత కథల్లో లేదంటారు. ఒక అనువాదకుడు సొంతంగా కల్పించి, మూలంలో ఉందని నమ్మించాడట. ఘటికుడే.

జూన్ 9
మిగిలింది మెట్లభూతం. గేమ్ కవర్ మీదికి ఎక్కేది అదే. ఆఫీసుకు దాన్ని తెచ్చిపెట్టింది నేనే.

చిన్నప్పుడు నాన్న చెప్పాడు. అందరూ పడుకున్నాక అది మెట్ల మీద వీపు మనవైపు పెట్టి కూర్చుంటుంది. ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు చేస్తుంది. గది దాటి వచ్చి దాని మొహం చూసినవాళ్లు రాయైపోతారు. ఒకరోజు లంచ్‌లో ఇదంతా చెబితే ఆర్టిస్టు అక్కడికక్కడే టిష్యూ మీద గీశాడు. అప్పట్నుంచి నెలల తరబడి దాని మీదే ఉన్నాడు.

పుస్తకంలో చదివానని నాన్న అనేవాడు. ఆయన లిఫ్టు మెకానిక్. కట్టుకథలంటే పడదు. కాబట్టి పుస్తకంలో ఉండే ఉంటుంది.

జూన్ 16
లేదు.

జూన్ 20, సాయంత్రం
ఎక్కడా లేదు. లైబ్రరీలన్నీ జల్లెడ పట్టాను. గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకున్నాను. పుస్తకమైనా చూపించు, కల్పించిన మనిషి సంతకమైనా తెచ్చిపెట్టు, లేకపోతే దాన్ని తీసేద్దామని మా కంపెనీ లాయరు తేల్చేశాడు. ఆర్టిస్టు తలొంచుకుని దానికి రంగులు వేస్తూనే ఉన్నాడు. తిట్టినా బాగుండేది.

నాన్నకు ఫోన్ చేశాను. అట్ట చిరిగిపోయిన పుస్తకం, పేరు తెలీదన్నాడు. నువ్వే కల్పించావా అని అడిగాను. నేనెప్పుడైనా అబద్ధమాడానా అని కోప్పడి పెట్టేశాడు.

జూన్ 22
సంతకం గొడవంతా చెప్పి, ఆ పుస్తకం గుర్తుందా అని అన్నయ్యను అడిగాను.

"అమ్మ పోయాకే కదే అది రావడం మొదలైంది," అన్నాడు. "నేను మొహం చూశాను, లుంగీ అంచుతో కళ్లు తుడుచుకుంటోంది. రాయిని కాలేదు."

చూసి ఏం చేశావని అడిగాను. వచ్చి దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడట. అప్పటికి వాడికి పదేళ్లు. నేను ఇంకా చిన్నదాన్ని.

దీపం కింద చీకటంటే ఇదే. మూలాలు వెతకడమే నా బతుకుతెరువు, ఇది మాత్రం తట్టలేదు. బాధగా ఉంది. ఎవరి మీద కోపగించుకోవాలో కూడా తెలియడం లేదు.

జూన్ 23
పుస్తకం లేదు, సంతకం నేను అడగను, తీసేయండని లాయరుతో చెప్పాను. ఆర్టిస్టుకూ నేనే చెప్పాను. బొమ్మను గుండ్రంగా చుట్టి నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

జూన్ 28
నాన్న ఇంటికి వెళ్లాను. సంతకం ఊసెత్తలేదు. బొమ్మ మాత్రం టేబుల్ మీద పరిచి, కళ్లద్దాలు అందించాను.

టీ చల్లారేదాకా చూశాడు.

"భుజాలు అంత వెడల్పుండవు," అన్నాడు.

సరిచేయమని చెబుతానన్నాను. వాళ్లకు సంతకమేదో కావాలన్నావట కదా, మీ అన్నయ్య చెప్పాడులే, పెన్ను ఇవ్వు అన్నాడు. బొమ్మ కిందే సంతకం పెట్టాడు, చిన్నగా. తర్వాత లేచి ఇద్దరికీ మళ్లీ టీ కాచాడు. పుస్తకం మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

జూలై 1
నాన్న సంతకం చూపించాక మెట్లభూతం మళ్లీ ఆటలోకి వచ్చింది. దాని బలహీనత కాలమ్ ఖాళీగా ఉంది. "ఎవరైనా వచ్చి పక్కన కూర్చోవడం" అని నింపాను. ఇదెక్కడిదని లాయరు అడిగాడు. పుస్తకంలోదే, అట్ట చిరిగిపోయిందన్నాను.