అక్షింతల వెనక నలుపు

ఫిబ్రవరి 23, సోమవారం

ఒళ్లు మండిపోతోంది. ఆఫీసు తలుపు తీయగానే గుమ్మంలో హనుమంతు. పెళ్లిళ్లకు ఎల్‌ఈడీ తెరలు కట్టే మనిషి, మా వీడియో కన్వర్టర్‌నే నమ్ముకున్నవాడు. "మేడం, మీ సాఫ్ట్‌వేరు నా పరువు తీసిండాది."

నిన్న ఎమ్మిగనూరులో పెళ్లి. మండపంలో పట్టని జనమంతా బయట తెర ముందు. తాళి కట్టేటప్పుడు లైవ్ వీడియో మీద అక్షింతలు రాలే బొమ్మ వేస్తారు. అది చూసి బయటివాళ్లూ అక్షింతలు చల్లుతారు. ఆ బొమ్మలో గింజలు తప్ప మిగతాదంతా పారదర్శకం — వెనక జంట కనబడాలి. ఆ ఫైలును తెరకు సరిపడేలా మార్చేటప్పుడు మా కన్వర్టర్ ఆ ఖాళీనంతా నలుపుతో నింపేసింది. గట్టిమేళం మోగుతోంది... తెర నిండా నలుపు, మీద పసుపు గింజలు. పెళ్లికూతురు లేదు, పెళ్లికొడుకు లేడు.

మోకాళ్లు వంగని పెళ్లికూతురి నాయనమ్మ తెర ముందే కుర్చీలో, గుప్పెట్లో అక్షింతలతో. "కట్టేశాడా? నాకేం కనపడలేదే!"

రికార్డింగులోనూ అదే నలుపు.

ఫిబ్రవరి 24

ప్రసాద్ సార్‌తో గొడవ. కంపెనీ ఆయనది, మాట కూడా ఆయనదే నెగ్గాలి. "ఖాళీ నలుపైతాదని మాన్యువల్లో రాసిండాము కదమ్మా." ఇంగ్లీషులో, పద్నాలుగో పేజీలో! పందిట్లో నిలబడి ఎవరు చదువుతారయ్యా?

హనుమంతు ముందే చూసుకోవాల్సిందట. చూశాడు! అతని ప్లేయర్లో మార్చని అసలు ఫైలు కూడా నల్లగానే కనబడుతుంది. ఇక అనుమానం ఎక్కణ్నుంచి వస్తుంది?

ఫిబ్రవరి 25

నేను అడిగింది రెండే. పారదర్శకత ఉన్న ఫైలు వస్తే, ఎవరూ చెప్పకపోయినా దాన్ని నిలబెట్టే ఫార్మాట్‌లోకే మార్చాలి. ఫైలు పెద్దదైతే అవనీ. పారదర్శకత నిలవని ఎమ్‌పీ4 కావాలని మనిషే అడిగితే, ఆగి చెప్పాలి — ఖాళీ పోతుంది, ఏ రంగు నింపమంటారు అని.

"ప్రశ్నలడిగితే జనం సుమ్నె, ఊరికే భయపడతారమ్మా. ఒక్క నొక్కుతో అయిపోవాల."

అయిపోయిందిగా! తాళి కట్టడం అయిపోయింది. మళ్లీ కట్టించండి, చూద్దాం.

ఫిబ్రవరి 26

ఆ ముసలావిడ మాటే చెవిలో. కట్టేశాడా...

ఫిబ్రవరి 27

ఇంత బుద్ధిలేని డిఫాల్ట్ ఎవడు పెట్టాడో, వాణ్ని కడిగేద్దామని పాత కోడ్ తీశాను. ఆ లైను పక్కన నా పేరు. మూడేళ్ల కిందటిది. పైన నా రాతే: "ప్రస్తుతానికి నలుపు. తర్వాత చూద్దాం."

సిగ్గేసింది. సార్ మీద కోపం మాత్రం తగ్గలేదు.

ఫిబ్రవరి 28, శనివారం

కొత్తది రాశాను. అదే అక్షింతల ఫైలు పెట్టి చూశాను — గింజల వెనక మనుషులు కనబడుతున్నారు. సార్‌కు చూపించాను. "సోమవారం చూస్తాములేమ్మా." మళ్లీ తర్వాతే!

సాయంత్రం హనుమంతు ఫోను. "రేపు కంప్లిలో పెళ్లి ఉండాది మేడం. వాళ్లూ అక్షింతల బొమ్మే అడుగుతాండారు. మీ బటన్ ఒత్తాలా, వద్దా? మీరు చెప్తే నమ్ముతా."

అతని దగ్గరున్నది పాతది. కొత్తది నా దగ్గరే ఉంది, సార్ సరే అనకుండా.

"ఒక్క నిమిషం ఆగప్పా" అన్నాను.

ఆగాడు.