సరిగ్గా కింద ఉన్నది

నవంబర్ 3, 2025. సోమవారం. మిర్యాలగూడ.

రిటైరై నెల దాటింది. నలభై ఏళ్లు గాల్లో తిరిగినవాణ్ణి, ఈ ఉదయం సూర్యాపేట బస్టాండులో మిర్యాలగూడ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో ముగ్గుర్ని అడిగాను. ముగ్గురూ మూడు చెప్పారు. బస్సు నాలుగోదాని మీదికి వచ్చింది. దారి పొడుగునా వడ్ల ట్రాక్టర్లు. డ్రైవర్ ఓవర్‌టేక్ చేసినప్పుడల్లా నా కుడికాలు దానంతట అదే బ్రేక్ వెతికింది.

లాజరన్న నాకంటే ఏడేళ్లు పెద్ద. ఇక్కడి రైస్ మిల్లులో హమాలీగా బస్తాలు మోసి నన్ను చదివించాడు. పోయిన ఏడాది తుంటి ఎముక విరిగింది. డాబా మీద ఆరేసిన బట్టలు తియ్యబోయి పడ్డాడని చెప్పారు. ఇప్పుడు వాకర్ పట్టుకుని వాకిట్లో మంచం దాకా వస్తాడు. అంతే.

పక్కింటి అంజన్నకు నన్ను చూపించి, మా తమ్ముడు, ప్లేన్ నడుపుతడు అన్నాడు. నడిపేవాణ్ణి అని నేను దిద్దలేదు.

నవంబర్ 4. సాయంత్రం 5.

4:35కి హైదరాబాద్-విజయవాడ ప్లేను నెత్తి మీంచి పోయింది. అన్న మాట్లాడుతున్నవాడల్లా ఆగి, కనుమరుగయ్యేదాకా చూశాడు.

ఒకప్పుడు ఆ రూట్ నాది. ఎక్కువగా గురువారాలు పడేది. 2012లో అనుకుంటా, అన్న ఫోన్ చేసి, నీ ప్లేను మా ఇంటి మీదికెల్లే పోతది గద, డాబా ఎక్కి స్టీలు పళ్లెం ఎండకు తిప్పుత, కనపడతదా అని అడిగాడు. ఆ గురువారం తిప్పాడు. నేను ఫోన్ చేసి చూశానన్నాను.

చూడలేదు. ఆ టైంలో డ్యూటీ రోస్టర్ గురించి కోపైలట్‌తో గొడవ పడుతున్నాను. అయినా ప్లేనుకు సరిగ్గా కింద ఉన్నది కాక్‌పిట్‌లోంచి కనపడదు. ముందున్నది కనపడుతుంది, పక్కనున్నది కనపడుతుంది. పొట్ట కింది ఊరు కనపడదు. ఈ ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. అన్న అంత సంబరపడుతుంటే నోరు రాలేదు. ఒకసారి చూశానన్నాక ప్రతి గురువారం చూడాల్సి వచ్చింది.

నర్సమ్మ వదిన ఆ పళ్లెంలో ఎవరికీ అన్నం పెట్టదట. చింతపండుతో తోమి గూట్లో పెడుతుంది. ఇవాళ చూశాను. ఇప్పటికీ గూట్లోనే ఉంది.

నవంబర్ 6.

బీపీ 150/95. ఒకప్పుడైతే గ్రౌండ్ చేసేవాళ్లు, ప్లేను ముట్టనిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు దీంతో ఎవరికీ పనిలేదు.

నవంబర్ 8. శనివారం.

అన్నను ఎక్స్‌రేకి సూర్యాపేట తీసుకెళ్లాం. అన్న కూతురు దీప కోదాడ నుంచి వచ్చింది. అక్కడ టీచర్. అన్నను లోపలికి తీసుకుపోయాక, దవాఖాన వరండాలో బెంచీ మీద కూర్చుని, చాలాకాలంగా ఒకటి చెప్పాలనుకుంటున్నానంది.

నాన్న బట్టల కోసం ఎక్కలేదు చిన్నాన్నా అంది. నేను బాధపడతానని అట్లా చెప్పమన్నాడట. పళ్లెం తీసుకుని ఎక్కుతుంటే నిచ్చెన జారింది. అప్పటికింకా ప్లేను రాలేదు. పళ్లెం ఎత్తనే లేదు. అదే సాయంత్రం ఏడింటికి ఇదే వరండాలో దీప ఉండగా వాళ్ల నాన్న ఫోనుకు నా కాల్ వచ్చింది. నేనేమన్నానో దీప మర్చిపోలేదు. ఇవాళ పళ్లెం భలే మెరిసిందని నాన్నకు చెప్పు అన్నానట.

చెప్పావా అని అడిగాను. చెప్పిందట. అంత నొప్పిలోనూ నవ్వాడట.

సాయంత్రం సూట్‌కేసులోంచి లాగ్‌బుక్ తీశాను. నవంబర్ 14, 2024, గురువారం. ఢిల్లీ-గువాహటి-ఢిల్లీ. నా రాతే. 2017లోనే బేస్ ఢిల్లీకి మారి ఆ రూట్ వదిలేశాను. ఆ సంగతీ అన్నకు చెప్పలేదు. ఏడేళ్లు ఎక్కడెక్కడి హోటళ్లలోనో కూర్చుని, చూశాను అన్నా, చూశాను అని ఫోన్లు చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

నవంబర్ 10.

పొద్దున వాకిట్లో అన్నకు గడ్డం గీస్తూ చెప్పాను. ముఖం చూడకుండా చెప్పడానికి అదే వీలు. నీ పళ్లెం నేను ఒక్కసారి కూడా చూడలేదన్నాను.

అన్న కదల్లేదు. నురగ ముఖంతోనే మాట్లాడాడు.

"నాకు ఎప్పట్నుంచో ఎర్కే తమ్మీ. ఒక యేడు టైఫాయిడ్ వచ్చి నెల దినాలు మంచంలకెల్లి లేవలే. గా నాలుగు గురువారాలు గూడ సూసిన అన్నవ్."

మరి ఆ తర్వాత కూడా ఎందుకెక్కావని అడిగాను.

"నువ్వు సూడకుంటే ఏమాయె. నేనైతే నిన్ను సూసిన గద."

బ్లేడు జారింది. చెవి కింద చిన్నగా కోసుకుంది. పటిక రాశాను. మిగతాది చెప్పలేకపోయాను.

నవంబర్ 11.

సగం నిజం చెప్పి రెండుపూటలా కడుపునిండా తిన్నాను. సిగ్గులేదు.

నవంబర్ 13. గురువారం.

చెప్పేశాను. నువ్వు పడేనాటికే ఏడేళ్లుగా ఆ ప్లేన్‌లో నేను లేను అన్నాను.

అన్నకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మరి గండ్ల ఎవలున్నరు అని అడిగాడు. తెలియదన్నాను. ఎవరెవరో. అన్న వాకర్ అందుకుని లేచాడు. పట్టుకోబోతే నా చెయ్యి తీసేశాడు.

4:35కి ప్లేను చప్పుడు వినపడింది. అన్న బయటికి రాలేదు.

నవంబర్ 14.

అన్న పడి ఏడాది. నేను టీ ఇస్తే తీసుకోలేదు, వదినను పిలిచాడు.

నవంబర్ 16. ఆదివారం.

చర్చికి వదినా నేనూ పోయాం. అన్న రానన్నాడు. వచ్చేటప్పుడు షేర్ ఆటోలో వదిన చెప్పింది, నేను అబద్ధమాడినందుకు కాదట ఆయన బాధ. పళ్లెం దించినాక అక్కడే డాబా మీద మోకాళ్లేసి, పైన పోయే నా తమ్ముణ్ణి సల్లంగ దించు ప్రభువా అని ప్రార్థన చేసేవాడట. ప్రతి గురువారం.

"ఏడేండ్లు ఎవల కోసం మొక్కిన్నో అంటున్నడు" అంది.

నేను వేలసార్లు దించాను. ఒక్కసారీ టైరు కూడా పగల్లేదు. అదంతా నా చేతి నేర్పు అనుకున్నాను.

నవంబర్ 18.

సూట్‌కేసు సర్దాను. శుక్రవారం హైదరాబాద్ వెళ్లిపోతానని వదినకు చెప్పాను. అన్నకు వినపడే ఉంటుంది.

నవంబర్ 20. గురువారం.

నాలుగున్నరకు అన్న వాకిట్లోకి వచ్చాడు. మంచం మీద కూర్చోలేదు. వాకర్ నెట్టుకుంటూ నిచ్చెన దాకా పోయాడు. వదినను కేకేసి పళ్లెం తెప్పించి నా చేతికిచ్చాడు. ఎవరి కోసం అన్నాను.

"గండ్ల గూడ ఎవల తమ్ముడో ఉంటడు గద. ఎక్కు. నిచ్చెన నేను పట్టుకుంట."

వాకర్ వదిలేసి రెండు చేతులా పట్టుకున్నాడు.

ఎక్కాను. ప్లేను వచ్చింది. పళ్లెం తిప్పుతూ కిందికే చూశాను. సరిగ్గా కింద అన్న. కనపడుతున్నాడు.