కానుగ చెట్టు దాకా నీళ్ళు

పుంగనూరు,
బుధవారం, డెయిరీలో పాలు పోసి వచ్చినాక.

సౌభాగ్యవతి రత్నమ్మకు,

ఈ ఉత్తరం రాయకుండా ఉండిపోదామనే అనుకున్నాను. వారంగా పెన్ను తీయడం, రీఫిల్లు అరచేతి మీద గీకి చూసుకోవడం, మళ్ళీ జేబులో పెట్టుకోవడం. ఫోనులో చెప్పేస్తే ఒక్క నిమిషం పని. కానీ నీ ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. ఈడ నేను దగ్గితే ఆడ కుప్పంలో పక్కింటామె "మీ ఆయనను మిరియాల కషాయం తాగమను" అంటుంది. ఈ సంగతి పక్కింటామె వినేది కాదు.

ముందు మామూలుగా రాయాల్సినవి రాసేస్తాను. ఈడ నేను, రెండు ఆవులు, ఆ కుంటి కోడిపెట్ట క్షేమంగా ఉండాము. ఆడ నువ్వు, కాలికి కట్టుతో మన రూప, అల్లుడు హరీష్, పిల్లలు కూడా అట్లే ఉండారని నమ్ముతాండాను. రూప కట్టు ఇప్పే దాకా నువ్వు రావద్దు. నేను వండుకుంటాండాను. ఉప్పు ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ. రెండు రోజులూ కలుపుకుంటే సరిపోతాండాది.

హరీష్ చేతికిచ్చి పంపిన నీ చీటీ అందింది, ఊరగాయ సీసా కూడా. నూనె కారి చీటీ తడిసింది. నీ ప్రశ్నలు రెండు పక్కలా కనిపిస్తాండాయి. నాలుగు అడిగినావు. వరసగా చెప్తాను.

మాత్రలు వేసుకుంటాండావా అన్నావు. పొద్దుటిది వేసుకుంటాను. సాయంత్రానిది గుర్తొస్తే వేసుకుంటాను.

తెల్లావు ఈనిందా అన్నావు. ఈనింది. పెయ్యదూడ. తల్లి పోలికే, తలకాయ మీద చుక్క.

జున్నుపాలు మదనపల్లెకు మీ అక్కకు పంపమన్నావు. బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపినాను. మా బావకు జున్నంటే ప్రాణం అని కింద గీత గీసి మరీ రాసినావు. జున్నంటే నాకూ ఇష్టమే రత్నమ్మా. మన పెళ్ళయి నలభై రెండేళ్ళయింది కదా, ఈ సంగతి ఇంతవరకూ నీకు తెలిసే సందర్భం రాలేదు, ఇప్పుడు రాతమూలంగా తెలియజేస్తాండాను.

నాలుగో ప్రశ్న, దొడ్డచెరువు కాడికి సర్వే వాళ్ళొచ్చినారా అని. దాని కాడికి కడాన వస్తాను.

జున్ను మాట వచ్చింది కాబట్టి కందనకాయ మాట కూడా చెప్పనీ. మీ అమ్మ, మహాతల్లి, అల్లుళ్ళిద్దరమూ పండక్కి వస్తే ఒకటే కోడిని కోసేది. కోడికి కాళ్ళు రెండు, రెక్కలు రెండు. కందనకాయ మాత్రం ఒకటే. అది ఎవరి విస్తట్లో పడేదో నీకు తెలుసు. మురళీధర్ అన్న పెద్దల్లుడు, పైగా లెక్చరరు. నేను చిన్నల్లుణ్ణి, చెరువు కాడ లస్కరును, తూము తలుపు ఎత్తేవాణ్ణి, దించేవాణ్ణి. మీ అమ్మ గరిటె ఆయన విస్తట్లో నిలబడేది, నా విస్తట్లో నడిచిపోయేది. నేనెప్పుడూ ఏమీ అనలేదు. అననంత మాత్రాన చూడలేదని కాదు.

ఆయన చెడ్డవాడని నేననను. చెడ్డవాడైనా నాకు సుఖంగా ఉండేది. చెడ్డవాడిని చూసి కుళ్ళుకుంటే ఎవరూ తప్పు పట్టరు. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "గోవిందప్పా, నువ్వు బడికి పోయుంటే ఎక్కడో ఉండేవాడివయ్యా" అంటాడు. శనక్కాయల పొట్లాల కాయితాలు కూడబలుక్కొని చదువు నేర్చుకున్నవాణ్ణి నేను. యాడ ఉండేవాణ్ణో ఆయన ఒక్కసారీ చెప్పలేదు. ఆ మాటకు నువ్వు పక్కనుంచి తలకాయ ఊపుతావు చూడు, అది నాకు రెండు రోజులు అన్నం సహించనీయదు.

సరే. చెరువు.

మీ నాయన మీ అక్కచెల్లెళ్ళకు చెరువు ఒడ్డున ఇచ్చిన రెండు బిట్లు పక్కపక్కనే ఉండాయి. మీ అక్కది మెరక, నీది పల్లం. ముసలితనంలో ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చొని చిక్కుడుకాయలు ఒలుచుకోవాలని మీ ఆశ. నువ్వు ఒకసారి నాతో అన్నావు, "మనం కూడా ఆడ రెండు గదులు ఏసుకుందామా?" అని. చెరువు నిండితే నీళ్ళు యాడ నిలబడతాయో ఆ గీత నుంచి ముప్పై మీటర్ల లోపల గోడ లేపకూడదు, పైనుంచి మినహాయింపు తెచ్చుకుంటే తప్ప, మనలాంటోళ్ళకు ఎవరిస్తారు అని నేనే కొట్టిపారేసినాను. నువ్వు మళ్ళీ అడగలేదు. అడగకపోతే మరిచిపోయినావనుకున్నాను.

మురళీధర్ అన్న మినహాయింపుకు అర్జీ పెట్టినాడని చౌడేపల్లె సంతలో తెలిసింది. నీళ్ళను చూస్తా పుస్తకాలు చదువుకుంటాడంట. ముప్పై నాలుగేళ్ళు ఆ నీళ్ళను చూసినవాణ్ణి నేను. ఎండలో చూసినాను, వానలో గోనెపట్ట కప్పుకొని చూసినాను. కుర్చీ ఏసుకొని చూసేది మాత్రం ఆయనంట. ఆ దినం బెండకాయలు కొనకుండానే ఇంటికొచ్చేసినాను.

ఈ నెల మొదటి గురువారం సర్వే వాళ్ళొచ్చినారు. ఇరిగేషను ఆఫీసు ఏఈ ఒక ఆడపిల్ల, మన రూప కంటే చిన్నది. వెంట సర్వేయరు, మూడుకాళ్ళ మిషను. పాత మ్యాపులో సరిగ్గా నీళ్ళ గీత ఉండే చోట చెదలు తినేసినాయంట. అందుకని పాత లస్కరును పిలిపించినారు.

మా పని పద్ధతి నీకు తెలుసు. చెరువు నిండి, ఎక్కువ నీళ్ళు మరవ మీదుగా బయటికి పారిన దినం, నేను సున్నం బకెట్టు పట్టుకొని ఒడ్డు పొడుగునా నడిచి, నీళ్ళు తాకిన రాయికల్లా సున్నం పూసేవాణ్ణి. మన బిట్ల కింద దున్నపోతు బండ మీద ఆ సున్నం ఎన్నేళ్ళో ఉండె. నేను రిటైరైనాక ఎవరూ పూయలేదు. వానకు కడుక్కుపోయింది. ఇప్పుడు ఆ గీత యాడుండాదంటే నా తలకాయలో ఉండాది, అంతే.

మేము చెరువు కాడ నిలబడుంటే మీ బావ కారు వచ్చింది. నల్లద్దాలు, టోపీ. ఫ్లాస్కు తీసి వాళ్ళకు టీ పోసినాడు. నాకూ పోసినాడు, అబద్ధం చెప్పకూడదు. పోస్తా పోస్తా ఏఈకి నన్ను చూపించి, "మేడం, ఈయన మన లస్కరు, చెరువు సంగతులన్నీ ఈయనకే తెలుసు" అన్నాడు.

మన లస్కరు. మా తోడల్లుడు అనలేదు. టీ కప్పు కింద పెట్టేసినాను.

"పెద్దాయనా, చెరువు నిండితే ఈ పక్క నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి?" అనడిగింది ఆ పిల్ల.

దున్నపోతు బండ నా కాళ్ళ కాడే ఉండాది. కాలు పెట్టి చూపిస్తే అయిపోయేది. నేను చెయ్యెత్తి పైకి చూపించినాను. మీ అక్క బిట్టు వెనకాల మెరక మీద కానుగ చెట్టుంది చూడు, అది.

"అదో, ఆ కానుగ చెట్టు దాకమ్మా."

"అంత పైకా?"

"పెద్దవానలప్పుడు ఆడ మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడుండాను నేను."

మీ బావ చేతిలో కప్పు ఆగిపోయింది. "గోవిందప్పా, చెరువు నిండినప్పుడే కదప్పా మామ మనిద్దరికీ ఆ చెట్టు కింద మంచం వేయించింది? గుర్తు లేదా?"

"నువ్వు మంచం మీద కూర్చున్నావన్నా. నేను పనిలో ఉండాను."

సర్వేయరు నవ్వినాడు. మీ బావ నవ్వలేదు, నన్ను అబద్ధాలకోరని కూడా అనలేదు. "ఆయనకే బాగా తెలుస్తుంది మేడం" అని పక్కకు జరిగినాడు. ఆ ఒక్క క్షణం నాకు ఎంత హాయిగా ఉండిందో ఎందుకు దాచాల. నలభై రెండేళ్ళ కందనకాయలన్నీ ఒక్కసారి తిన్నట్లుండింది.

సర్వేయరు చెట్టు కాడ మిషను పెట్టి మట్టం తీసుకున్నాడు. తీసుకొని మిషనును మన బిట్టు పక్కకు తిప్పినాడు.

"అది నాదప్పా, దాంతో నీకేం పని?" అన్నాను.

"రెండు బిట్లూ ఒకటే ఫైలు కదా పెద్దాయనా. ప్రమీల గారు, రత్నమ్మ గారు. ఇద్దరి సంతకాలూ ఉండాయి."

ఫైలు తెరిచి ప్లాను చూపించినాడు. ఒక పక్క మీ అక్క ఇల్లు. ఇంకో పక్క రెండు గదులు, వంటిల్లు. రెండింటినీ కలుపుతా పొడుగ్గా ఒక అరుగు. మన గదుల వెనకాల చిన్న డబ్బా గీసి, లోపల 'ఆవులు, రెండు' అని రాసుండాది. మీ బావ దస్తూరీ. కింద నీ సంతకం, ఆ 'మ్మ' దగ్గర ఎప్పటిలాగే పెన్ను వత్తి రాసినావు.

నీళ్ళు సమంగా నిలబడతాయని ఈ మండలంలో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఆ చెయ్యి ఎత్తేటప్పుడు మురళీధర్ అన్న జాగా ఒకటే కనిపించింది నాకు. నీ బిట్టు పల్లమని గుర్తు రాలేదు. మెరకలో ఆయన పునాదులు తడపాలని నేను పోసిన నీళ్ళు, పల్లంలో నీ రెండు గదులను నిలువునా ముంచి వెనక కంచె దాటి పోయినాయి. బండ కాడ గీత పడుంటే రెండిళ్ళకూ ముప్పై మీటర్లకు కాస్త తక్కువ పడేది, ఆ కాస్తకే మినహాయింపు అడిగినారు. ఇప్పుడు అడగడానికి నేలే లేదు.

నువ్వు సంతకం పెట్టినావు, నాకు చెప్పలేదు. మీ అక్కా, బావా, నువ్వూ ముగ్గురూ కూర్చొని అరుగు ఎంత పొడుగుండాలో మాట్లాడుకునుంటారు. దానికి కూడా నాకు మండింది, ఇప్పటికీ మండుతాండాది. ఎందుకు చెప్పలేదో మాత్రం నిన్ను అడగను. బావ గీసిన ప్లాను అని తెలిస్తే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

సోమవారం ఆఫీసుకు పోయినాను.

"మేడం, ఆ దినం తప్పు చెప్పినాను. నీళ్ళు వచ్చేది బండ కాడికే."

"మరి చెట్టు దాకా అని ఎందుకు చెప్పినారు?"

"కడుపుమంటమ్మా."

ఆ పిల్ల పెన్ను కింద పెట్టింది. "దాన్ని నేను ఫైల్లో ఏమని రాయాలి?"

కాయితం అడుక్కొని నా చేత్తోనే బండ సంగతి రాసి సంతకం పెట్టినాను. ఆమె చదివి, జాగ్రత్తగా ఫైల్లో పెట్టి, నిదానంగా చెప్పింది. ఒకే మనిషి రెండు చోట్లు చెప్పినాడు కాబట్టి, నీళ్ళ విషయం కాబట్టి, పై గీతనే తీసుకుంటారంట. తక్కువ గీత తీసుకొని రేపు ఇంట్లోకి నీళ్ళొస్తే జవాబు చెప్పాల్సింది ఆమె. "ఆ రోజే బండ చూపించుంటే నేను పైకి సిఫారసు రాసేదాన్ని పెద్దాయనా" అంది. ఆమెది తప్పని నేననలేను. ఆమె స్థానంలో నేనుంటే నన్ను నేను నమ్మను.

ఆఫీసు నుంచి అట్నుంచి అటే బస్సెక్కి మదనపల్లెకు పోయినాను. మీ బావ వరండాలో ఉండాడు. నిలబడే చెప్పినాను మొత్తం. కందనకాయ సంగతి కూడా చెప్పినాను. అది విని ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నాకు కందనకాయ అంటే పడదు గోవిందప్పా. అత్తమ్మ బాధపడుతుందని మింగేవాణ్ణి."

అప్పుడు మెట్టు మీద కూర్చున్నాను నేను.

"ప్రమీలకు నువ్వే చెప్పు. నా వల్ల కాదు. రత్నమ్మకు కూడా నువ్వే చెప్పాల" అన్నాడు.

మీ అక్కకు వంటింటి గడప కాడ నిలబడి చెప్పినాను. తిరిగి చూడలేదు. కూర కలుపుతానే ఉండింది. పోయొస్తానమ్మా అంటే సరే అంది. అన్నం తినిపొమ్మని అనకపోవడం నా ఎరుకలో అదే మొదటిసారి.

నీకు ఇదే చెప్పడం. నీ నాలుగో ప్రశ్నకు జవాబు ఇది: వచ్చినారు, నేను అబద్ధం చెప్పినాను, నీ గదులు పోయినాయి. మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చని ఆ పిల్ల అంది గానీ, ఆశ పెట్టుకోవద్దని కూడా అంది. నువ్వు రూప కట్టు ఇప్పినాక వస్తావో, ఇంకొన్నాళ్ళు ఆడనే ఉంటావో నీ ఇష్టం. ఎప్పుడొస్తావని నేను అడగను.

నిన్న పొద్దున సర్వేయరు ఇద్దరు కూలోళ్ళతో వచ్చి కానుగ చెట్టు కాడ హద్దురాయి నాటినాడు. సిమెంటు కలుపుకోను నీళ్ళు కావాలన్నారు. చెరువులో నుంచి రెండు బిందెలు నేనే మోసి ఇచ్చినాను.

ఇట్లు,
రూప నాయన,
గోవిందప్ప