బాపట్లలో తీయించిన గాజులు

తెనాలి,
12 అక్టోబరు 1975, ఆదివారం.

చి.ల.సౌ. తులసికి,

నీ పాత డ్రిల్లు టీచరు ప్రేమకుమారి దీవించి రాయునది. మోకాళ్ళు తప్ప మిగతా ఒళ్ళంతా ఇంకా నా మాట వింటోంది కాబట్టి ఇక్కడ నేను క్షేమమనే అనుకోవాలి. చీరాలలో నువ్వూ, మీ ఆయనా, అత్తగారూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. కాగితాలు లేక కాదు, తీరిక లేకా కాదు. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇవాళ ఆరాధన ముగిసి గుడి నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా కూర్చున్నాను. తింటే నిద్ర వస్తుంది, నిద్రపోతే మళ్ళీ రేపటికి వాయిదా వేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

నువ్వు డ్రిల్లు టీచరువయ్యావని చదివి ఎంత మురిసిపోయానో చెప్పలేను. మెడలో ఈల వేసుకుని తిరుగుతున్నావన్నమాట. మరీ గట్టిగా ఊదకు. పిల్లలు ఎలాగూ వినరు, మన చెవులే పోతాయి.

నువ్వు అడిగినది ఒకే ఒక్క ప్రశ్న. వచ్చే నెల బాపట్లలో ఆడపిల్లల ఖోఖో పోటీలున్నాయి. మీ జట్టులో సుశీల అనే పిల్ల కమ్మలు తీస్తానంది, పట్టీలు తీస్తానంది, గాజులు మాత్రం చచ్చినా తీయనంది. తీయించాలా, ఉండనివ్వాలా, మీరేమంటే అదే చేస్తానండీ అని రాశావు. ఈ ప్రశ్న నన్నే అడగడానికి నీకు మనసెలా వచ్చిందా అనుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నన్ను దెప్పడానికే రాశావనుకున్నాను. మళ్ళీ చదివితే దెప్పుడేమీ లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగావు. నా మీద నీకు ఇంకా అంత గురి ఉన్నందుకు నాకు సిగ్గేసింది.

ముందు టీచరుగా చెప్పవలసింది చెబుతాను. ఆటలో నగలు వద్దు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పే మాట కాదు. ఖోఖోలో వెనక నుంచి వచ్చి వీపు మీద చరిచి లేపుతారు కదా, ఆ విసురుకి గాజు పగిలితే ముక్క ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. మన రిబ్కా కనుబొమ అలాగే తెగింది. ఇంకో వెంట్రుకవాసి కిందికి తగిలి ఉంటే కన్నే పోయేది. జూకా జడలో చిక్కుకుని చెవి తమ్మె చీలిన పిల్లని కూడా చూశాను. ఇక పట్టీలు పెట్టుకుని ఖోఖో ఆడటమంటే, దొంగతనానికి వెళుతూ డప్పు కొట్టుకోవడమే.

మా నాన్నగారికి నగలంటే గిట్టదని నీకు ఎప్పుడో చెప్పాను. నాకు చెవులు కుట్టించలేదు. చేతికి వాచీ తప్ప ఏమీ ఎరగను. అందుకే నాకు నగ అంటే తీసేస్తే ఊడిపోయే వస్తువు, అంతే. వేసుకున్న పిల్లకి అది ఇంకేదో కావచ్చని తెలుసుకునేసరికి నాకు యాభై ఏళ్ళు వచ్చాయి. ఒక్క మాట మాత్రం ఈమధ్య తోస్తోంది. మగపిల్లల కబడ్డీ జట్లలో మెడకి తాయెత్తులుంటాయి, నడుముకి మొలతాళ్ళుంటాయి. అవి తీసి రారా అని ఏ అంపైరూ ఇంతవరకూ అడగగా నేను చూడలేదు. వాటి వెనక నమ్మకాలున్నాయని అందరికీ తెలుసు. ఆడపిల్ల చేతి గాజుకి మాత్రం నమ్మకం ఉండదు, అలంకారమే ఉంటుందని మనమే తేల్చేస్తాం.

సుశీల గాజులు ఎందుకు తీయనంటోందో నువ్వు రాయలేదు. అడిగావా? నేను నిన్ను అడిగాను. నువ్వు చెప్పావు కూడా. చెప్పాక నేను వినలేదు.

అరవై ఆరు డిసెంబరు, మొదటి శుక్రవారం. రేపల్లె నుంచి తొమ్మిది మంది ఆడేవాళ్ళు, ముగ్గురు అదనపు వాళ్ళు, నేను బయల్దేరాం. తెనాలిలో రైలు మారి బాపట్ల చేరేసరికి ఎండెక్కింది. పొద్దున పదకొండింటికి మొదటి ఆట. అందరూ గాజులు, గొలుసులు తీసి నా సంచిలో వేశారు. నువ్వు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డావు. నాన్న వేటకి వెళ్ళాడండీ, పడవ తిరిగి రేవుకి వచ్చేదాకా మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు గాజులు తీయరండీ, అమ్మ మరీ మరీ చెప్పిందండీ అన్నావు. చేతికి ఆరు చొప్పున పన్నెండు, ఆకుపచ్చ గాజులు. నేను నవ్వాను. సముద్రానికి నీ గాజుల లెక్క ఎవరు చెబుతారే అన్నాను. నిన్ను పంపు దగ్గరికి తీసుకెళ్ళి, సబ్బు రాసి, నా చేతులతో నేనే లాగాను. నువ్వు ఏడవలేదు. పెదవి కొరుక్కుని నా వాచీ వంక చూస్తూ నిలబడ్డావు.

అంపైరు గారి రూలు, నేనేం చేయను అని నీకు చెప్పాను. ఇన్నాళ్ళూ నువ్వు అదే అనుకుని ఉంటావు. అది అబద్ధం తులసీ. అంపైరు చలపతిరావు గారిని నేను ముందే అడిగాను. తీయలేని పిల్లలుంటే గాజుల మీద గుడ్డ చుట్టి, బిగించి కట్టండమ్మా, ఆడనిస్తాను అన్నారు. నా సంచిలో గుడ్డ పీలికలు ఉన్నాయి కూడా. గుడ్డ చుడితే చేయి బరువెక్కుతుంది, నీ విసురు తగ్గుతుంది అని నా లెక్క. పైగా నా పిల్లలు మూఢనమ్మకాలకి లొంగరని పదిమందికీ చూపించుకోవాలన్న గొప్ప ఒకటి.

ఆ సాయంత్రమే, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, గాలికి మీ నాన్న పడవ తిరగబడింది. శనివారం మనం ఫైనల్ గెలిచాం, తెనాలి జట్టు మీద. ఆట అయ్యాక నీకు కబురు చెప్పి బస్సెక్కించాను, నీ పక్కనే కూర్చుని మీ ఊరు వచ్చాను. దీపాలు పెట్టే వేళకి చేరాం. అప్పటికే మీ నాన్న సింగయ్య గారు పోయారు. నువ్వు ఆయన మీద పడి ఏడుస్తుంటే ఆడవాళ్ళంతా నీ ముఖం చూడలేదు, నీ బోసి చేతులు చూశారు. గాజులు తీసేసిందంట అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకోవడం నేను విన్నాను. నువ్వూ విన్నావు.

అప్పటి నుంచీ అమ్మ నీతో మాట్లాడటం లేదని నీ ఉత్తరంలో రెండు ముక్కల్లో రాసి ఊరుకున్నావు. పెళ్ళిలో అక్షింతలు వేసి, తలెత్తి చూడకుండా వెళ్ళిపోయిందని రాశావు. నాన్నని నా చేతులే పొట్టన పెట్టుకున్నాయండీ అని రాశావు. తొమ్మిదేళ్ళు కావస్తోంది. పదహారేళ్ళ పిల్ల నెత్తిన అంత బరువు పెట్టి, నేను తెనాలికి బదిలీ చేయించుకుని హాయిగా ఆట బంతులు, హాజరు పట్టీలు చూసుకుంటూ బతికాను.

గాజులు తీస్తే పడవలు మునగవు. ఇది మాత్రం నా దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతాను. ఆ రోజు మొగలో ఇంకో రెండు పడవలు తిరగబడ్డాయి. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతులకి గాజులు నిండుగానే ఉన్నాయి. గాలికి గాజులు కనిపించవు. అయినా నీ చేత తీయించిన తప్పు తప్పే. సముద్రం పట్టించుకోకపోయినా నువ్వు పట్టించుకున్నావు, అది చాలు నేను ఆగడానికి.

కాబట్టి నా సలహా ఇది. కమ్మలు, గొలుసులు, పట్టీలు తీయించు. అందులో మొహమాటం వద్దు. సుశీలని మాత్రం విడిగా కూర్చోబెట్టి ఎందుకని అడుగు, చెప్పింది పూర్తిగా విను. తీయగలిగినది అయితే తన చేత్తో తనే తీసుకుంటుంది. కాదంటే మెత్తని పాత పంచె గుడ్డ రెండు వరసలు చుట్టి, మణికట్టు దగ్గర కుట్టేయి. అంపైరు ఒప్పుకోకపోతే ఆ పిల్లని ఆ రోజుకి కూర్చోబెట్టు. ఓడిపోండి. ఓడిపోతే కప్పు పోతుంది, అంతే కదా.

మీ అత్తగారికి నమస్కారాలు చెప్పు. మీ ఆయనకి ఆశీస్సులు. నీ ఆరోగ్యం జాగ్రత్త, ఎండలో నిలబడేటప్పుడు తలకి గుడ్డ కట్టుకో.

ఇట్లు,
నీ క్షమాపణకి అర్హత ఉందో లేదో తెలియని,
ప్రేమకుమారి

తా.క. ఉత్తరం మడిచి కవర్లో పెట్టాను. అంటించబోతూ మళ్ళీ తీశాను. గాజుల సంగతి ఒప్పుకుని, దాని చాటున అసలు సంగతి దాచేస్తున్నానని నాకే తెలుస్తోంది.

తులసీ, నీకు కబురు శనివారం సాయంత్రం వచ్చిందనుకుంటున్నావు. అది పొద్దున పది గంటలకే వచ్చింది. మన హెడ్మిస్ట్రెస్ సీతారావమ్మ గారు రేపల్లె నుంచి బాపట్ల బడి ఆఫీసుకి ట్రంకు కాల్ చేశారు. సింగయ్యని ఒడ్డుకి తెచ్చారు, పడవ అంచు రొమ్ముకి కొట్టుకుంది, మాట్లాడుతున్నాడు, తులసిని చూడాలంటున్నాడు, పదకొండు గంటల బస్సుకి పంపించు అన్నారు. సరేనండీ అన్నాను. ఫోను పెట్టేసి మైదానంలోకి వచ్చాను. నువ్వు రిబ్కా జడకి రిబ్బను కడుతున్నావు. మూడింటికి ఫైనల్. మన బడి అంతకు ముందు ఏనాడూ ఫైనల్‌కి రాలేదు, నువ్వు లేకపోతే గెలవలేం. సముద్రం మీద తిరిగిన మనిషి, గట్టివాడు, మాట్లాడుతున్నాడు కదా, నాలుగైదు గంటలు ఆగితే ఏం పోతుంది అనుకున్నాను. పదకొండు గంటల బస్సు వెళ్ళిపోవడం చూస్తూ నిలబడ్డాను. మీ నాన్న మూడున్నరకి పోయారట. ఆ వేళకి నువ్వు వాళ్ళ ఐదో పిల్లని అవుట్ చేశావు, నేను చప్పట్లు కొట్టాను.

ఇంకా ఉంది. మీ ఇంట్లో నువ్వు ఆయన మీద పడి ఏడుస్తుండగా మీ అమ్మ రత్తమ్మ గారు నన్ను పందిరి గుంజ దగ్గరికి పిలిచారు. పంతులమ్మగారండీ, పొద్దున కబురంపించాం, అందలేదాండీ అని అడిగారు. అందలేదు అందామంటే హెడ్మిస్ట్రెస్ గారు ఉన్నారు. నేను చెప్పలేదు అనే ధైర్యం నాకు లేదు. అందిందమ్మా, పిల్లకి చెప్పాను, ఆట అయ్యాక వెళతానంది అన్నాను.

అమ్మ నోటి నుంచి గాజుల మాట నువ్వు ఎప్పుడైనా విన్నావా? విని ఉండవు. అది ఊళ్ళో ఆడవాళ్ళ మాట. ఆవిడ బాధ అది కాదు. తండ్రి పిలుస్తుంటే కూతురు ఆట ఆడుకుంటూ ఉండిపోయిందని ఆవిడ నమ్ముతోంది. నీ పరువు పోతుందని ఆ మాట ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. సీతారావమ్మ గారికి బస్సు దొరకలేదని చెప్పాను. ఆవిడ పోయిన వేసవిలో కాలం చేశారు. నన్ను పట్టుకోగలిగిన మనిషి ఇంక లేదనే ధైర్యంతో, ఇన్నాళ్ళు చాలనట్టు మరో నాలుగు నెలలు ఊరుకున్నాను.

మీ నాన్నకి మాత్రం నువ్వు రానన్నావని ఎవరూ చెప్పలేదు. బస్సులో వస్తోందని చెబుతూ వచ్చారట. ఆయన దారి చూస్తూనే పోయారు, కోపంతో కాదు.

అమ్మకి చదువు రాదు. ఇంకెవరి చేతా చదివించకు. సెలవు పెట్టి వెళ్ళి, పక్కన కూర్చుని, పైన రాసినదంతా వదిలేసి ఈ తాజా కలం ఒక్కటే నువ్వే చదివి వినిపించు. నమ్మకపోతే నాకు కార్డు ముక్క రాయి, నేను వచ్చి ఆవిడ ఎదుట నిలబడి చెబుతాను. ఆ తర్వాత నాతో మాట్లాడవలసిన పని మీ ఇద్దరికీ లేదు.