మూడో మాటకు జవాబు

బ్రూక్‌ఫీల్డ్

ప్రియమైన జయమ్మక్కకు,

ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోయింది, అందుకే రాస్తున్నాను. చెవుల పరీక్షలో ఏం తేలిందో చూశావు కదా. హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నగా కూత వినిపించినా చాలు, బటన్ నొక్కమన్నారు. గట్టిగా మోగేదాకా నువ్వు నొక్కనే లేదు. హోల్‌సేల్ బేరం చెవులతో నడిచేది. ఇక గల్లా ముందు నుంచి లే. చీరల దుకాణం నేను చూసుకుంటాను.

నీ మేలు కోరే తమ్ముడు,
దేవరాజ్

కాటన్‌పేట

దేవరాజ్‌కు,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవు.

పరీక్ష చేసిన అమ్మాయి సహనకే అనుమానం వచ్చింది. "నేను గొణిగినా బదులిస్తుండారు, బటన్ మాత్రం నొక్కరు. ఏమమ్మా?" అంది. అప్పుడు తట్టింది నాకు. మొదటి ధరకు తలూపకు, రెండోదానికీ ఊపకు, మూడోదానికి ఆలోచించు అని నాన్న నేర్పాడు. వినగానే నొక్కితే లోకువైపోతానని వేలు ఆగిపోయింది.

ఆ పిల్ల పడీ పడీ నవ్వి, నుదుటికీ చెవుల వెనకా తీగలు అంటించి పడుకోమంది. నొక్కే పని లేదు. శబ్దానికి మెదడు కదిలిందో లేదో యంత్రమే రాసుకుంటుంది. మెల్లని శబ్దానికీ కదిలిందట. "చెవులు బాగుండాయమ్మా, తప్పు వేలిది" అంది. అనుమానంగా వినిపించినా నొక్కమని మళ్ళీ బటన్ ఇచ్చింది. ఈసారి రెండు పరీక్షలూ ఒకటే మాట చెప్పాయి.

నాన్న నా పేరున పెట్టిన దుకాణం. లేవను.

అక్క జయమ్మ

బ్రూక్‌ఫీల్డ్

అక్కకు,

నేనూ కనుక్కున్నాను. నిద్రపోయేవాళ్ళకూ ఆ యంత్రంలో గీతలు వస్తాయట. శబ్దం చేరిందనే తీగలు చెబుతాయి, మాట అర్థమైందని చెప్పవు. నిన్న హొసకోటె వ్యాపారి గురప్ప దుకాణానికి సరుకు కొనడానికి వచ్చినప్పుడు నీ వెనకే నిలబడి మాట్లాడాను. నువ్వు తల కూడా తిప్పలేదు. నాకు ఆ పరీక్ష చాలు. ఆదివారం వచ్చి తాళాలు తీసుకుంటాను.

దేవరాజ్

కాటన్‌పేట

ప్రియమైన తమ్ముడూ,

ఇదే చివరిసారి కాబట్టి ప్రియమైన అనే రాస్తున్నాను. అర్థమైందో లేదో నువ్వే చూడు.

ఉగాది భోజనాల దగ్గర నీ భార్య రమ్యతో అన్నావు: "ముసలిది ఇంకెన్నాళ్ళు కూర్చుంటుందో." నేను పలకలేదు. పరీక్ష గది బయట ఫోనులో అన్నావు: "చెవుడని తేలితే మన పని సులువు." అప్పుడూ పలకలేదు. మొన్న గురప్పతో అన్నావు: "ఈ చెవిటిది పోతే గానీ నాకు దుకాణం దక్కేట్టు లేదప్పా." పాపం, గురప్ప సిగ్గుతో తల దించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నీకు కనబడకూడదని తల తిప్పలేదు.

మూడు మాటలూ అయ్యాయి. జవాబు చెప్పే వంతు నాది. ఈ రోజే దుకాణానికి కొత్త తాళాలు వేయించాను. ఆదివారం వచ్చి తలుపు కొట్టుకో. ప్రతి దెబ్బా నాకు వినిపిస్తుంది. తీయను.

నీ అక్క,
జయమ్మ